చప్పుడు లేని గది

దీవెనమ్మ ఎడమ చెవిలో కొబ్బరినూనె అద్దిన దూది కుక్కుకుని, కుడి చెవికి ఫోను తగిలించుకుంటూ ఉండగానే టెలిఫోను బోర్డు మీద మొదటి మూత టక్కున పడింది. బయటినుంచి ఎవరో పిలుస్తున్నారన్నమాట. తీగ లాగి దాని రంధ్రంలో గుచ్చి "గుడ్ మార్నింగ్" అన్నది. సరిగ్గా అప్పుడే కిటికీకి అవతల షెడ్డులో అర్జునరావు పెద్ద సుత్తి ఇనుప రేకు మీద పడింది. ఫోనులో మనిషి చెప్పిన మాటకు తల వినబడింది, తోక వినబడింది, నడిమి భాగం సుత్తి కింద పడి చితికిపోయింది.

"మళ్లీ చెప్పండి సార్."

ఈ ముక్క ఆమె రోజుకెన్నిసార్లు అంటుందో ఆమెకే తెలియదు. నోటికి ఎంత అలవాటైపోయిందంటే, గోపాలపట్నం సంతలో వంకాయల ధర చెప్పిన పాపాయమ్మతో కూడా ఒకసారి "మళ్లీ చెప్పండి సార్" అనేసింది. "నాను సారేటమ్మా, నా మొగుడు కూడా నన్నలాగ పిలవనేదు" అని పాపాయమ్మ ఆ సంతంతా చాటింది. అప్పట్నుంచి ఆమె దగ్గర బేరం ఆడాలంటే దీవెనమ్మకు సిగ్గు.

గాజువాక దాటాక, కొత్తగా కడుతున్న ఉక్కు కర్మాగారం వైపు లారీలు పోయే రోడ్డు పక్కన ఉంది కంపెనీ. ఇనుప రేకుల్ని కోసి, వంచి, అతికి ట్యాంకులూ తొట్లూ చేస్తారు. హార్బరులో ఓడలకూ అవే, కర్మాగారం కట్టేవాళ్లకూ అవే. దీవెనమ్మ చేరిన కొత్తలో ఆఫీసు వేరు, షెడ్డు వేరు. తర్వాత పని పెరిగి షెడ్డు జరుగుతూ జరుగుతూ వచ్చి ఆఫీసు గోడను ఆనుకుంది. మిగతా గుమాస్తాలందరూ ఒక్కొక్కరే ముందు వసారాలోకి మారిపోయారు. బోర్డును మాత్రం కదపడం కుదరదన్నారు, తీగలన్నీ గోడలోనే ఉన్నాయట. బోర్డు ఎక్కడుంటే దీవెనమ్మ అక్కడ. గోడకు చెవులుంటాయంటారు. ఆ గోడకు ఉన్న చెవులు రెండూ దీవెనమ్మవే.

షెడ్డు వైపు ఒక కిటికీ ఉంది. షెడ్డులో పనివాళ్లకు ఇంటినుంచో ఊరినుంచో ఫోను వస్తే పిలవడం ఎలా అన్నది మొదట్లో పెద్ద సమస్య. గొంతు చించుకున్నా వినబడదు. ఎవరినైనా పంపుదామంటే ఆ నిప్పురవ్వల మధ్యకు పోయేవాడు లేడు. అందుకని దీవెనమ్మ తన మేనకోడలు బడి మానేశాక మూలన పడేసిన పలక ఒకటి తెచ్చింది. ఫోను వచ్చినవాడి పేరు సుద్దతో పెద్దగా రాసి కిటికీలో మేకుకు తగిలిస్తుంది. షెడ్డులో ఉన్నవాళ్లు పని చేస్తూనే అప్పుడప్పుడూ తలెత్తి కిటికీ కేసి చూస్తారు. పేరున్నవాడు సుత్తి దించి వస్తాడు. ఎవరూ నేర్పకుండా ఏర్పడిన పద్ధతి అది.

అర్జునరావుకు చదువు రాదు. పైగా సుత్తి పట్టి పట్టి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. అతనిది సముద్రం ఒడ్డు, తమ్ముళ్లు ఇంకా వేటకు పోతారు. అందుకని అతని పేరుకు బదులు దీవెనమ్మ పలక మీద చేప బొమ్మ వేస్తుంది. చేప కనబడగానే అతను నవ్వుతూ వచ్చి కిటికీ దగ్గర నిలబడి ఆమె పెదాల కేసి చూస్తాడు. కబురు ఆమె వింటుంది, నోరు పెద్దది చేసి అతనికి చెబుతుంది. అతను చెప్పమన్నది మళ్లీ ఫోనులో చెబుతుంది. అతని ఇంటి మంచీ చెడ్డా అంతా అలా ఆమె నోటి మీదుగానే నడిచింది.

ఇన్నాళ్లలో దీవెనమ్మ కోరిన కోరిక ఒక్కటే. బోర్డు చుట్టూ ఒక గది కట్టమని. మొదట నోటితో అడిగింది, తర్వాత కాగితం మీద అడిగింది, ఆ తర్వాత అడగడం మానేసి ప్రార్థనలో పెట్టుకుంది. మేనేజర్లు మారారు గాని ఆ మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. ఈలోగా షెడ్డు వైపున్న ఎడమ చెవి మెల్లమెల్లగా మూసుకుపోయింది. చర్చిలో పాడే గుంపులో ఒకప్పుడు ఆమెది ముందు వరస. హార్మోనియం పై స్వరాలు వినబడక శ్రుతి తప్పుతోందని, పాటలు నేర్పే కనకరత్నంగారు ఎంతో మర్యాదగా ఆమెను వెనక బెంచీకి మార్చారు. "వెనకనుంచి మీ గొంతు ఆధారంగా ఉంటుందమ్మా" అన్నారు. ఎందుకు మార్చారో ఆమెకు తెలుసు. ఇంటికి వెళ్లి ఆ రాత్రి అన్నం తినలేదు.

అలాంటిది, మొన్న వానలు వెనకబట్టిన దగ్గరనుంచీ బోర్డు వెనకనే గది లేస్తోంది. నిజంగా గదే. ఒక తలుపు కాదు, ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు. గోడలకు లోపలివైపు మెత్తటి అట్టలు కొట్టారు. కిటికీ అద్దం మందంగా ఉంది. నిన్న సాయంత్రం వడ్రంగులు వెళ్లిపోయాక ఆమె ఒక్కతే లోపలికి వెళ్లి రెండు తలుపులూ వేసుకుని నిలబడింది. అర్జునరావు సుత్తి ఎత్తడం అద్దంలోంచి కనబడింది, దించడం కనబడింది. చప్పుడు లేదు. తన ఊపిరి తనకు వినబడి ఉలిక్కిపడింది. నీళ్లు తిరిగిన కళ్లు తుడుచుకుని, కిటికీ కొలత జేనతో చూసుకుని, ఇంటికి పోయే దారిలో కాకుండా పనిగట్టుకుని పూర్ణా మార్కెట్టుకు పోయి తెర కోసం నీలంరంగు గుడ్డ కొన్నది. ఆ గుడ్డ ఇప్పుడు ఆమె సంచిలో టిఫిను డబ్బా పక్కన ఉంది.

ఆ గది రావడానికి కారణం సుందర్ రాజ్ అని ఆమె నమ్మకం. హైదరాబాదు నుంచి వచ్చాడు. పని ఎందుకు మందగిస్తోందో, అందులో చప్పుడు వాటా ఎంతో, ధ్యాస చెదరడం వాటా ఎంతో తేల్చడానికి కంపెనీ పిలిపించింది. చేతిలో చప్పుడు కొలిచే యంత్రం. చప్పుడును కూడా కొలుస్తారని దీవెనమ్మకు అప్పుడే తెలిసింది. అతను మొదటి రోజే ఆమె మెడలోని సన్నటి సిలువ గొలుసు చూసి చేతులు జోడించి "వందనాలమ్మా" అన్నాడు. తమవాళ్లలో ఒకరినొకరు పలకరించుకునే మాట. ఆ ఒక్క మాటతో దీవెనమ్మ తలుపులన్నీ తెరిచేసింది.

"చప్పుడు వల్ల మీ పనికి ఏమైనా ఇబ్బంది ఉందామ్మా?" అని అడిగాడు టీ తాగుతూ.

ఇన్నేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి అతను. ఆమె చెప్పుకుంటూ పోయింది. అంకెలు తప్పు వినడం, ఒకరికి కలపాల్సిన లైను ఇంకొకరికి కలపడం, సాయంత్రానికి తల దిమ్మెక్కి బస్సులో కండక్టరు అరుపు కూడా వినబడకపోవడం. అతను తల ఊపుతూ విన్నాడు. మధ్యలో ఒకసారి "అయ్యో" అన్నాడు. ఆ ఆదివారం చర్చికి కూడా వచ్చి, వెనక బెంచీలో ఆమె పక్కనే కూర్చుని, పాటల పుస్తకం ఇద్దరికీ మధ్య పట్టుకుని పాడాడు. ఆ ధైర్యంతోనే మర్నాడు అతనికి ఎల్లారావు కథ కూడా చెప్పింది.

ఎల్లారావు షెడ్డులో వెల్డరు, ఇప్పుడు యూనియన్ కార్యదర్శి కూడా. అతని భార్య నూకాలు పుట్టిల్లు భీమిలి. చాన్నాళ్ల కిందట ఒక మధ్యాహ్నం అతని వీధిలో కిరాణా కొట్టు వీర్రాజు ఫోను చేశాడు. దీవెనమ్మకు వినబడింది ఇంతే: "నూకాలు... పోనాది... ఎల్లారావుకి సెప్పండమ్మా." నడుమ సుత్తి. మళ్లీ చెప్పమనే లోపల లైను తెగిపోయింది. ఆమె పలక మీద అతని పేరు రాసింది. అతను వచ్చాక కిటికీలోంచి చేయి పట్టుకుని మెల్లగా చెప్పింది. మనిషి నిలువునా కూలిపోయాడు. తోటివాళ్లు అతన్ని ఆటోలో వేసుకుని, దారిలో పూలదండ కూడా కొనుక్కుని ఇంటికి పోతే, తలుపుకు తాళం వేసి ఉంది. వీర్రాజు కొట్టులోంచి తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టి, "బీమిలీ పోనాది బావా. సాయంకాలం బస్సుకొచ్చేత్తాది. దండేటి, యూనియను మీటింగా?" అన్నాడు.

ఆ ఊళ్లో పోనాది అంటే వెళ్లిందనీ అర్థమే, చచ్చిపోయిందనీ అర్థమే. నడుమ ఉన్న భీమిలిని సుత్తి మింగేస్తే మిగిలింది చావు. దీవెనమ్మ ఏడ్చి ఏడ్చి మొహం వాచి కూర్చుంటే, మర్నాడు పొద్దున్నే ఎల్లారావు ఒక గిన్నె పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చాడు. "సచ్చినోల్లు పంపిన సేపల పులుసక్కా. తిను" అన్నాడు. ఇద్దరూ పడి పడి నవ్వారు. ఆనాటినుంచి రోజూ పొద్దున్న పనిలోకి దిగే ముందు అతను కిటికీలోంచి తొంగిచూసి ఒకే ప్రశ్న అడుగుతాడు.

"అక్కా, ఈయేల ఎవులు పోనారు?"

"ఎవులూ పోనేదు గానీ పని సూసుకో" అంటుంది ఆమె. అది వాళ్ల గుడ్ మార్నింగ్.

ఇదంతా నవ్వుతూ, మధ్యమధ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటూ సుందర్ రాజ్‌కు చెప్పింది. అతనూ నవ్వాడు.

ఈ రోజు ఎల్లారావు తొంగిచూడలేదు. పనిలోకి దిగడం చూసింది, మొహానికి వెల్డింగు డాలు అడ్డం పెట్టుకుని అటు తిరిగి కూర్చున్నాడు. పని తొందర కాబోలు అనుకుంది. బయట లారీలోంచి పెద్ద చెక్కపెట్టె ఒకటి దింపుతున్నారు. దాని మీద పైకి చూపే బాణపు గుర్తూ, గాజు గ్లాసు బొమ్మా ఉన్నాయి. జాగ్రత్తగా దింపమని శ్రీరామ్మూర్తి స్వయంగా ఎండలో నిలబడి కేకలు వేస్తున్నాడు. ఆయన మేనేజరు. ఎవరికీ చెడు చేయాలనుకోడు, ఎవరికీ మంచి చేసే ధైర్యమూ లేదు. పెళ్లికొడుకు దిగినట్టు అంత ఆర్భాటంగా దిగిన ఆ పెట్టెలో ఏముందో దీవెనమ్మ అడగలేదు. ఏ అద్దాలో, కొత్తగదిలోకి ఫ్యానో అనుకుంది.

పదకొండు దాటాక ఆయన దగ్గరినుంచి పిలుపు వచ్చింది. ఆమె చెవిలోని దూది తీసేసి, మొహం తుడుచుకుని, సంచిలోంచి నీలం గుడ్డ తీసి మడత పెట్టి చేతిలో పట్టుకుంది. గది తాళాలు ఇచ్చేటప్పుడు తెర సంగతి కూడా అడిగేద్దామని.

మేనేజరు గది ముందువైపు, తోట పక్కన. తలుపు వేస్తే అక్కడ ఏ సుత్తీ వినబడదు. లోపల సుందర్ రాజ్ కూర్చుని ఉన్నాడు. ఎల్లారావు గోడ పక్కన నిలబడి ఉన్నాడు, చేతిలో టోపీ.

"వందనాలండి" అన్నది దీవెనమ్మ సుందర్ రాజ్ కేసి చూసి, నవ్వుతూ.

"నమస్కారం" అన్నాడు అతను.

ఆమె మొహం మీద నవ్వు అలాగే ఉంది, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక.

శ్రీరామ్మూర్తి గొంతు సవరించుకున్నాడు. "కూర్చోండమ్మా. కంపెనీకి కొత్త ఎక్స్ఛేంజి వచ్చింది. బెంగుళూరు నుంచి. లైన్లు దానికదే కలిపేసుకుంటుందట. బోర్డు మీద ఇక మనిషి అక్కర్లేదు."

ఆ గదిలో చప్పుడు లేదు. ప్రతి అక్షరమూ వినబడింది. అయినా ఆమె నోటినుంచి అలవాటుగా వచ్చింది.

"మళ్లీ చెప్పండి సార్."

ఆయన మళ్లీ చెప్పాడు, ఈసారి ఇంకొంచెం మెల్లగా, టేబులు మీది కాగితం బరువును అటూ ఇటూ జరుపుతూ.

"మరి ఆ గదండీ?" అన్నది దీవెనమ్మ.

"గది దానికేనమ్మా. దానికి దుమ్మూ చప్పుడూ పడవు."

"నాకు పడ్డాయాండి?"

సుందర్ రాజ్ కాళ్లు మార్చి కూర్చుని, ఆమెకు కాకుండా శ్రీరామ్మూర్తికి చెబుతున్నట్టు మొదలుపెట్టాడు. ఆపరేటరు సేవల్ని ఎవరూ తక్కువ చేయడం లేదన్నాడు. కాని చప్పుడు వల్ల తప్పులు జరుగుతున్నాయని ఆపరేటరే ఒప్పుకున్నదన్నాడు. కిటికీలో పలక లేచినప్పుడల్లా షెడ్డులో అందరూ తలెత్తి చూస్తున్నారని, ధ్యాస చెదరడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఆ పలకేనని అన్నాడు. ఇవన్నీ కాక ఆపరేటరు ఎడమ చెవి పనిచేయడం లేదని, తను స్వయంగా పరిశీలించాననీ అన్నాడు.

"ఎక్కడ చూశారు బాబూ?" అని అడిగింది.

అతను చెప్పనక్కర్లేదు. పాటల పుస్తకం ఒక కొస ఆమె చేతిలో, ఒక కొస అతని చేతిలో. తను శ్రుతి తప్పుతున్న సంగతి దేవుడికీ కనకరత్నంగారికీ తప్ప ఎవరికీ తెలియదనుకుంది. పక్కన కూర్చుని పాడినవాడు పాడటానికి రాలేదు, వినడానికి వచ్చాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని వాళ్లమ్మ అంటూ ఉండేది. ఆ మాట విన్నప్పుడల్లా దీవెనమ్మకు నవ్వు వచ్చేది. ఇప్పుడు రాలేదు.

"ఎల్లారావూ, ఆ ఫోను సంగతి కూడా చెప్పు" అన్నాడు సుందర్ రాజ్.

ఎల్లారావు టోపీ కేసి చూస్తూ చెప్పాడు. "ఫోనులో తప్పు ఇని ఈవిడ నా బార్య సచ్చిపోనాదని సెప్పినారండి. నాను పడిపోనాను. నన్నింటికి ఒట్టుకెల్లినోల్లకి కూడా ఆ పూట పని పోనాది."

ఈవిడ అన్నాడు. అక్క అనలేదు. దీవెనమ్మకు అన్నిటికంటే అదే ఎక్కువ తగిలింది. కథలో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఉన్నవన్నీ జరిగినవే, కాని పూలదండ లేదు, తాళంచెవి లేదు, చేపల పులుసు లేదు. నవ్వు తీసేస్తే ఆ కథ నేరమైపోయింది.

మిగతాది శ్రీరామ్మూర్తి చెప్పాడు. షెడ్డువాళ్లందరికీ ఈ నెలనుంచి చప్పుడు అలవెన్సు ఇస్తారు. యూనియన్ అందుకు సంతోషించి కొత్త మిషనుకూ ఒక ఉద్యోగం తగ్గడానికీ ఒప్పుకుంది. దీవెనమ్మ కావాలంటే స్టోర్సులో నట్లూ బోల్టులూ చూసుకోవచ్చు, లేదంటే మర్యాదగా రిటైరు కావచ్చు. నెలాఖరు దాకా టైముంది. "మీ మంచికేనమ్మా. ఆ చప్పుడులో ఎన్నాళ్లని పడతారు?" అన్నాడు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడని, అందుకు తనకు తానే సంతోషిస్తున్నాడని ఆమెకు అర్థమైంది.

"చప్పుడు తగ్గిస్తారాండి?" అని అడిగింది లేచి.

"అలవెన్సు ఇస్తున్నాంగా?"

ఆమె నీలం గుడ్డను కొంగు చాటున దాచుకుని బయటికొచ్చింది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, తన మీద తనకే. అడగ్గానే అన్నీ చెప్పేసిన తన నోటి మీద. ఇన్నాళ్లూ చెవి పోయిందనుకుంది. చెవి కాదు, మనుషుల్ని పోల్చుకోవడమే రాలేదు తనకు.

తిరిగి వచ్చేసరికి బోర్డు మీద మూతలన్నీ పడి ఉన్నాయి. కూర్చుని ఒక్కొక్కటే ఎత్తి ఒక్కొక్క లైనూ కలిపింది. పని చేతులు వాటంతటవే చేశాయి.

భోజనాల గంట కొట్టాక షెడ్డు సద్దుమణుగుతుంది. ఎల్లారావు కిటికీ దగ్గరికొచ్చి ఊచ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె టిఫిను డబ్బా విప్పలేదు.

"అక్కా."

ఆమె తీగలు సర్దుతోంది.

"షెడ్డంతటికీ అలవెన్సొత్తాదన్నారు. ఇన్నేల్లు అడిగితే ఇయ్యనేదు. నువ్వొక్కదానివి, ఆల్లందరూ పిల్లలున్నోల్లు. నాను ఒద్దంటే నన్ను బతకనిత్తారా? అబద్దం సెప్పనేదక్కా. జరిగిందే సెప్పినాను."

"జరిగిందే" అన్నది దీవెనమ్మ. "అది నాను నవ్వుతా సెప్పినాను. నువ్వు నవ్వకుండా సెప్పినావు. అంతే తేడా."

ఎల్లారావు ఊచ మీద మసి గోటితో గీకాడు.

"మరేటి సెయ్యమంటావు, నువ్వే సెప్పు."

"నూకాలు పంపిన పులుసు నానొక్కదాన్నే తిన్నానా ఎల్లారావూ? ఈ కిటికీలోనే, ఒక గిన్నెలో, ఇద్దరం తిన్నాం. అక్కడ ఆ ముక్క కూడా సెప్పుంటే బాగుండేది. నా ఉద్యోగం ఎలాగూ పోయేదే. మన కథ మిగిలేది."

గంట కొట్టే వేళవుతోంది.

"నూకాలుకి తెలిస్తే నన్ను గుమ్మం ఎక్కనీదు. దానికి సెప్పకక్కా" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"నాను సెప్పను. నువ్వే సెప్తావు ఏదో ఒకనాడు. తినేటప్పుడు."

గంట కొట్టింది. అతను వెళ్లిపోయాడు. ఆ వెంటనే సుత్తి మొదలైంది. ఆమె దూది తీసి ఎడమ చెవిలో పెట్టుకోబోయి ఆగి, దాన్ని కిటికీలోంచి బయట పారేసింది. ఇక కాపాడుకోవడానికి అందులో మిగిలిందేమీ లేదు.

సాయంత్రం పనివాళ్లు చేతులు కడుక్కునే వేళకు గంగాలమ్మ ఫోను చేసింది, ఒడ్డున ఐసు ఫ్యాక్టరీ నుంచి. అర్జునరావు భార్య. రెండు రోజులుగా తిరిగిరాని మరిది పడవ గురించి ఇంటిల్లిపాదీ అన్నం మానేసి కూర్చున్న సంగతి దీవెనమ్మకు తెలుసు. ఈసారి సుత్తి ఆగి ఉంది. ప్రతి మాటా స్పష్టంగా వినబడింది.

"ఒడ్డుకొచ్చీసినారమ్మా, అందరూ బాగున్నారు, మా ఆయనకి సెప్పీ."

దీవెనమ్మ పలక తీసి చేప బొమ్మ వేసి తగిలించింది. తొందరగా వేసినందుకు కాస్త లావుగా వచ్చింది. అర్జునరావు చూసి, భయం భయంగా వచ్చాడు. ఆమె రెండు చేతులూ దోసిలి పట్టి పడవ చేసి, అలల మీద ఊపుతూ తెచ్చి కిటికీ గట్టు మీద ఆనించింది. అతని మొహం విప్పారింది. "ఒచ్చినాదా" అన్నాడు, తన గొంతు తనకు వినబడనివాళ్లు అనేట్టు గట్టిగా. కిటికీలోంచి చేయి చాచి ఆమె తల మీద పెట్టి తీసి, పరుగున బస్సు కోసం పోయాడు. అతనికి ఈనాటి సంగతేమీ తెలియదు. చెప్పడానికి ఎవరికి నోరొచ్చింది గనుక.

నెలాఖరు దాకా ఆమె ఆగలేదు. ఆ సాయంత్రమే శ్రీరామ్మూర్తి టేబులు మీద నాలుగు వాక్యాల కాగితం పెట్టింది. తన టీ గ్లాసు, కుర్చీ మీది దిండు, గోడకున్న బైబిలు వాక్యం క్యాలెండరు సంచిలో వేసుకుంది. నీలం గుడ్డ అందులో పట్టక భుజాన వేసుకుంది. కొత్తగది ముందునుంచి పోతూ లోపలికి చూసింది. చెక్కపెట్టె అప్పటికే గది నడుమ పెట్టి ఉంది, రెండు తలుపులూ వేసి ఉన్నాయి. రోడ్డు మీద ఎన్.ఏ.డి. జంక్షను వైపు పోయే బస్సు దొరికింది. కండక్టరు టికెట్టు టికెట్టు అంటూ పక్కకొచ్చి నిలబడినా ఆమె కాసేపటి దాకా వినలేదు.

మర్నాడు పొద్దున్న బోర్డు మీద ఎవరిని కూర్చోబెట్టాలా అని శ్రీరామ్మూర్తి ఇంకా వెతుకుతున్నాడు. మూతలు ఒక్కొక్కటే టక్కు టక్కున పడుతున్నాయి, ఎత్తేవాళ్లు లేరు. షెడ్డులో పని మొదలైంది. అర్జునరావు రెండు దెబ్బలు వేసి అలవాటుగా కిటికీ కేసి చూశాడు. చేప కనబడింది. సుత్తి దించి నవ్వుతూ వచ్చాడు. కుర్చీ ఖాళీగా ఉంది, దిండు లేదు, గోడ మీద క్యాలెండరు ఉన్న చోట తెల్లటి చదరం ఉంది. వెనక్కి తిరిగి ఎల్లారావు కేసి చేయి తిప్పుతూ, "అక్కేది బావా?" అన్నాడు.

"పోనాది" అన్నాడు ఎల్లారావు.

అర్జునరావు అతని పెదాల కేసి చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి తలకు చుట్టుకున్న తువ్వాలు మెల్లగా విప్పి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. కళ్లనుంచి నీళ్లు దిగి మసి మొహం మీద చారలు కట్టాయి.

తను ఏమన్నాడో అప్పుడు తెలిసింది ఎల్లారావుకు. "ఇంటికి బావా, ఇంటికి పోనాది" అని అరిచాడు. అంతలోనే రేకులు కోసే మిషను ఎవరో ఆన్ చేశారు. అరిచిన మాట అతనికే వినబడలేదు. అర్జునరావు అప్పటికే అటు తిరిగి, కిటికీకి ఎదురుగా, తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

మేకుకు వేలాడుతున్న పలక మీద చేప అలాగే ఉంది, కాస్త లావుగా, తోక దగ్గర దీవెనమ్మ బొటనవేలి ముద్రతో.